రెండు స్పీకర్లున్నదల్లా స్టీరియో కాదు

గిటారు స్పీకరు పెట్టెలు కట్టి అమ్మేవారి మీద నాకొక అభియోగం ఉంది. వారు ఒక మంచి మాట కడుపులోంచి అర్థాన్ని తోడేసి, మిగిలిన డొల్లను వెండి అక్షరాలతో అచ్చువేసి, పెట్టె నుదుటన అంటించి డబ్బు చేసుకుంటున్నారు. ఆ మాట స్టీరియో. పెట్టెలో రెండు స్పీకర్లుంటే స్టీరియో. పెట్టె వీపున రెండు జాక్ రంధ్రాలు కూడా ఉంటే ఇక సందేహమే అక్కరలేదట. నేతిబీరకాయలో నెయ్యి ఎంతో వీటిలో స్టీరియో అంత. నేతిబీరకాయను నమ్మి వండుకున్నవారికి నష్టమేమీ లేదు, కూర రుచిగానే ఉంటుంది. ఈ పెట్టెను నమ్మినవాడికి మాత్రం యాంప్లిఫయరు కాలుతుంది. కనుకనే ఈ టపా.

సంధులూ సమాసాలూ చెప్పుకుని బతికిన తెలుగు పండితుడికి ఓములతో, వాట్లతో పనేమిటని బ్లాగ్మిత్రులు కొందరికి అనిపించవచ్చు. ఛందస్సు మీద తరువాయి భాగం కోసం చూస్తున్నవారు మరి కొన్నాళ్ళు ఓపిక పట్టాలి. శబ్దాన్ని దాని అర్థం నుంచి విడదీసి అమ్ముకోవడం ఎక్కడ జరిగినా అది మా శాఖ విచారించదగ్గ నేరమే. పైగా ఈ నేరం మా ఇంటి వరండాలోనే పొగలు కక్కింది.

మా మనవడు ఇంజనీరింగు చదువుతున్నాడు, గిటారు వాయిస్తాడు. వాడి దగ్గర ఒక చిన్న ట్రాన్సిస్టరు యాంప్లిఫయరు ఉంది, వాడి స్నేహితుడి దగ్గర అటువంటిదే ఇంకొకటి. రెండింటిలోనూ స్పీకర్లు ఉండవు, బయట పెట్టెకు తగిలించుకోవాలి. గిటారు ధ్వనిని రెండుగా చీల్చి కుడిఎడమలకు పంపే పెడల్ ఒకటి సంపాదించారు. ఇక కావలసింది స్టీరియో పెట్టె. ఊళ్ళో ఒక దుకాణంలో పన్నెండంగుళాల స్పీకర్లు రెండున్న పెట్టె కొన్నారు. దుకాణం పేరు రాయను, ఇది ఏ ఒక్క దుకాణమో చేస్తున్న పని కాదు. "ఎడమదానికి ఒకటి, కుడిదానికి ఒకటి పెట్టుకో బాబూ" అని చెప్పి పంపించాడు ఆ దుకాణదారు. వీళ్ళు అక్షరాలా అలాగే చేశారు. పది నిమిషాలు కూడా మోగిందో లేదో, కాలిన వాసన. స్నేహితుడి యాంప్లిఫయరు నోరు మూసుకుంది. ఆ కుర్రవాడు చిన్నపిల్లలకు ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన డబ్బుతో కొనుక్కున్నది అది.

అడగడానికి నేనే వెళ్ళాను. ఆయన ఏమాత్రం తడుముకోలేదు. "రెండు స్పీకర్లున్నాయి కదా మాస్టారూ, స్టీరియో కాక మరేమిటి?" అన్నాడు.

ఆ ఒక్క వాక్యానికి జవాబు ఈ టపా అంతా.

పెట్టె వెనక చెక్క విప్పించి చూశాను. ఒకప్పుడు రేడియోలు బాగుచేసిన పెద్దాయన ఒకరు మా వీధి చివర ఉన్నారు, ఆయనే విప్పారు. రెండు జాక్‌ల మధ్య రెండంగుళాల ఎర్ర తీగ ముక్క ఒకటి, నల్ల తీగ ముక్క ఒకటి టంకం వేసి ఉన్నాయి. అంటే ఆ రెండు రంధ్రాలూ విద్యుత్తు దృష్టిలో ఒకటే రంధ్రం. ఎందులో ఏది పెట్టినా రెండు స్పీకర్లకూ ఒకే ధ్వని వెళుతుంది. ఇలా కట్టడంలో తప్పేమీ లేదని ముందుగా ఒప్పుకోవాలి. గిటారు పెట్టెల్లో నూటికి ఎక్కువపాళ్ళు ఇలాగే కడతారు. రెండో రంధ్రం ఎందుకంటే, అక్కడి నుంచి మరో తీగ లాగి రెండో పెట్టెను తగిలించుకోవడానికి. అది ప్రవేశద్వారం కాదు, పెరటి గుమ్మం. పెరటి గుమ్మానికి "కుడి ద్వారం" అని పేరు పెట్టి పిల్లవాడి చేతికి ఇవ్వడమే నేరం.

ఇప్పుడు రెండు వేర్వేరు యాంప్లిఫయర్లను ఆ రెండు రంధ్రాలకు తగిలిస్తే ఏమవుతుంది? ఒకదాని నోరు నేరుగా రెండోదాని నోటిలోకి తెరుచుకుంటుంది. ఒకే గొట్టానికి రెండు కొసలా రెండు మోటార్లు బిగించి, రెండింటినీ ఎదురెదురుగా నీళ్ళు తోడమన్నట్టు. ట్రాన్సిస్టరు యాంప్లిఫయరు తన నిర్గమం దగ్గర చూపే సొంత నిరోధం ఒక ఓములో చిన్న భిన్నం మాత్రమే. ఎనిమిది ఓముల స్పీకరును మోయడానికి పుట్టిన యంత్రం ఎదుట ఓములో చిన్న భిన్నం నిలబడితే దాని దృష్టిలో అది షార్ట్ సర్క్యూటు. ఇందులో ఒక చిత్రమైన సంగతి గమనించండి. రెండు యాంప్లిఫయర్లూ ఒకే ధ్వనిని, ఒకే క్షణాన, ఒకే బలంతో పంపుతున్నంతసేపూ వాటి మధ్య ప్రవాహమేమీ ఉండదు. రెండు వైపులా పీడనం సమానం కదా. కుడిఎడమల ధ్వనులు వేరుపడిన కొద్దీ ప్రవాహం పెరుగుతుంది, వేడి పెరుగుతుంది. అంటే ఈ "స్టీరియో" పెట్టె మోనోను భరిస్తుంది, స్టీరియోను మాత్రమే కాల్చివేస్తుంది! పెట్టె నుదుటి రాతకు ఇంతకంటె అన్యాయమైన వ్యాఖ్యానం ఉంటుందా?

ఇక మాట దగ్గరికి. స్టీరియో గ్రీకు శబ్దం. ఘనమైనది, గట్టిది, పొడవు వెడల్పులతో పాటు లోతు కూడా కలది అని అర్థం. ధ్వనికి లోతు ఎక్కడి నుంచి వస్తుంది? రెండు చెవులు ఉన్నందువల్ల కాదు, ఆ రెండు చెవులకూ వేర్వేరుగా వినబడుతున్నందువల్ల. ఎడమ నుంచి వచ్చే ధ్వని ఎడమ చెవిని ముందు తాకుతుంది, కుడి చెవిని తరువాత. సెకనును పదివేల భాగాలు చేస్తే అందులో ఆరు భాగాలు, మహా అయితే అంత ఆలస్యం. తల అడ్డం వస్తుంది కనుక దూరపు చెవికి సన్నని స్వరాలు కాస్త నెమ్మదిగానూ వినబడతాయి. ఈ రెండు భేదాలనూ ఆధారం చేసుకుని మనిషి దిక్కును ఎలా పట్టుకుంటాడో లార్డ్ రేలీ 1907లోనే వివరించాడు. అంతకు ముందే, 1881లో, పారిస్ విద్యుత్ ప్రదర్శనలో క్లెమాఁ అదేర్ అనే ఆయన ఒపెరా రంగస్థలం మీద వరుసగా టెలిఫోను గ్రాహకాలు అమర్చి, వినేవాడికి చెవికొకటి చొప్పున రెండు తీగల మీద పాట వినిపించాడు. రెండు తీగలు! ఒక తీగను చీల్చి రెండు చెవులకు తగిలించలేదు. 1931 డిసెంబరులో ఇంగ్లండులో ఈ విద్యకు శాస్త్రీయమైన పేటెంటు దరఖాస్తు దాఖలు చేసిన ఇంజనీరు ఆలన్ బ్లూమ్లైన్. ఆయన వాడిన మాట స్టీరియో కూడా కాదు, బైనారల్. మన భాషలో ద్విశ్రవణం అనుకోవచ్చు. (స్టీరియో కంటె ఇదే మంచి మాటని నా అభిప్రాయం. నిలబడలేదు, ఏం చేస్తాం. మంచి మాటలు చాలా వాటికి ఆ గతే పట్టింది.) 1942లో రాడారు పరీక్షల్లో విమానం కూలి, 38 ఏళ్ళకే ఆ మహానుభావుడు పోయాడు.

మన దగ్గరి ఉదాహరణే కావాలంటే, 1986లో వచ్చిన 'సింహాసనం' తొలి తెలుగు 70 ఎం.ఎం. చిత్రం, ఆరు ట్రాకుల స్టీరియోఫోనిక్ ధ్వనితో వచ్చింది. హాల్లో ఆరు స్పీకర్లు వేలాడదీసినందువల్ల దానికి ఆ పేరు రాలేదు. ఫిల్ము మీద ఆరు వేర్వేరు ధ్వని మార్గాలు ఉన్నందువల్ల వచ్చింది.

వ్యాకరణం చదివినవారికి దీన్ని ఒక్క ముక్కలో చెప్పవచ్చు. మోనో ధ్వనిని రెండు స్పీకర్ల నుంచి వినిపించడం ఆమ్రేడితం. "మెల్లమెల్లగా" అన్నప్పుడు రెండు మాటలున్నాయి, కాని రెండోది కొత్తగా తెచ్చిందేమీ లేదు, ఒత్తి పలికింది అంతే. స్టీరియో ద్వంద్వ సమాసం. "రామలక్ష్మణులు" అన్నప్పుడు ఇద్దరూ వేరు, ఇద్దరికీ సమాన ప్రాధాన్యం. ఆమ్రేడితం చూపించి ద్వంద్వమని రాసిన విద్యార్థికి నా తరగతిలో సున్నా వచ్చేది. దుకాణంలో అదే తప్పుకు అదనపు ధర వస్తోంది.

"మోత పెరిగితే చాలదా, రెండు స్పీకర్లుంటే గట్టిగా వినబడుతుందిగా, పేరు ఏదైతేనేం" అనే వాదం ఒకటి ఉంది. ఆ దుకాణదారు రెండో మెట్టున ఎక్కిన వాదం అదే. మోత పెరుగుతుంది, కాదనను. అలాగే రాయండి మరి. "రెండు స్పీకర్ల మోనో పెట్టె" అని రాస్తే కొనేవాడు కొంటాడు, కాలేది కాలదు. పేరు ఏదైతేనేం అనేవారు ఉప్పు డబ్బా మీద పంచదార అని రాసుకుని ఒక్క రోజు కాఫీ తాగి చూడాలి.

నిజాయితీగా రాసేవారు లేకపోలేదు. మార్షల్ సంస్థ వారి 1960ఏ అనే పెట్టె చూడండి. (అది సంవత్సరం కాదు, పెట్టె పేరే అంత.) అందులో పన్నెండంగుళాల స్పీకర్లు నాలుగు, ఒక్కొక్కటి 16 ఓములు. ఓము అంటే ప్రణవం కాదు, మా వంటి బడిపంతులు పేరు. గేయోర్గ్ ఓమ్ జర్మనీలో కొలోన్ పట్టణంలో బడి పిల్లలకు పాఠాలు చెబుతూ ప్రయోగాలు చేసుకుని, 1827లో తన సూత్రాన్ని ప్రచురించాడు. ఆ సూత్రం మీద నిలబడే లెక్క ఇది. పదో తరగతి తెలుగు మాధ్యమం పిల్లలు శ్రేణి సంధానం, సమాంతర సంధానం అని చదువుకుంటారే, అంతకు మించి ఇందులో ఏమీ లేదు. శ్రేణిలో కలిపితే ఓములు కూడుతాయి. సమానమైనవాటిని సమాంతరంగా కలిపితే ఎన్ని ఉంటే అన్నో వంతు అవుతుంది. నాలుగు పదహార్లనూ సమాంతరంగా కలిపితే 4 ఓములు. రెండేసి జతలుగా శ్రేణిలో కలిపి, ఆ జతలను సమాంతరంగా కలిపితే మళ్ళీ 16. ఎడమ రెండింటినీ విడిగా సమాంతరంగా కలిపితే 8, కుడి రెండింటినీ అలాగే కలిపితే మరో 8, రెండింటికీ మధ్య పొత్తు లేదు. ఈ ఆఖరిది స్టీరియో. పెట్టె వెనక ఒక మీట ఉంటుంది. అది ఒక పక్కన ఉంటే మోనో, 4 గాని 16 గాని. రెండో పక్కన ఉంటే స్టీరియో, వైపుకు 8. ఏ రంధ్రం ఏ స్థితిలో ఎన్ని ఓములో దాని పక్కనే అచ్చువేసి ఉంటుంది. అవే నాలుగు స్పీకర్లు, అవే తీగలు; మీట తిప్పితే అర్థం మారుతుంది. పింగళి సూరన రాఘవపాండవీయంలో అవే అక్షరాలు ఒకసారి రామాయణమూ ఒకసారి భారతమూ చెప్పినట్టు. కాని సూరన రెండు కథలూ నిజంగా చెప్పాడు. అట్టమీద రెండు కథలని వేసి లోపల ఒకటే చెప్పలేదు.

మరి మన రెండు స్పీకర్ల పెట్టెను నిజమైన స్టీరియోగా మార్చుకోవడం కష్టమా? అరగంట పని. ఆ పెద్దాయన చేస్తుండగా పక్కన కూర్చుని చూసి రాస్తున్నాను. జాక్‌లను కలిపే ఆ రెండు తీగ ముక్కలూ తీసివేయాలి. రెండు స్పీకర్లనూ ఒకదానికొకటి కలిపే తీగలుంటే అవీ తీసివేయాలి. ఎడమ జాక్ నుంచి రెండు తీగలు ఎడమ స్పీకరుకే, కుడి జాక్ నుంచి రెండు తీగలు కుడి స్పీకరుకే. ఎక్కడా ఉమ్మడి ఆస్తి ఉండకూడదు.

ఈ ఉమ్మడి ఆస్తి దగ్గరే చేయి తిరిగినవారు కూడా పొరబడతారు. "ఎర్ర తీగలు విడిగా ఉంటే చాలదా, నల్ల తీగ రెండింటికీ ఒకటే వేస్తే తీగ కలిసొస్తుంది" అంటారు. చాలా యాంప్లిఫయర్లలో నల్ల కొస భూమితో సమానం కనుక అలా చేసినా నడుస్తుంది. కాని బ్రిడ్జి పద్ధతిలో పనిచేసే యాంప్లిఫయర్లని ఉన్నాయి. వాటిలో ఎరుపూ నలుపూ రెండూ ధ్వనిని మోస్తాయి, ఏదీ భూమి కాదు. అటువంటివాటి నల్ల తీగలను కలిపితే మళ్ళీ అదే కాలిన వాసన. ఇంకో చిక్కు. జాక్‌లు లోహంవైతే, వాటిని ఇనప రేకు మీద బిగిస్తే, తీగలు విడిగా వేసినా ఆ రేకు రెండు నల్ల కొసలనూ దొంగతనంగా కలిపివేస్తుంది. తీగను చూసి తృప్తిపడినవాడికి రేకు కనబడదు. అందుకని స్టీరియో పెట్టెకు ప్లాస్టిక్ ఒంటి జాక్‌లు వాడాలి, లేదా రేకు స్థానంలో ఫైబరు పలక పెట్టాలి. కొన్ని రూపాయల తేడా. ఆ కొన్ని రూపాయల దగ్గర పిసినారితనం చూపించి, వెండి అక్షరాల స్టికరు దగ్గర ధారాళంగా ఖర్చు పెడతారు.

ధ్రువాలు సరిచూసుకోవడం రెండో జాగ్రత్త. గోడ గడియారంలో వేసే ఒకటిన్నర వోల్టుల సెల్లు తీసుకుని, దాని ధన కొసను స్పీకరు ఎర్ర కొసకు, ఋణ కొసను నల్ల కొసకు ఒక్క క్షణం తాకించండి. స్పీకరు కాగితపు గరాటు ముందుకు ఉబకాలి. రెండూ ఒకే దిక్కుకు ఉబికితే సరి. ఒకటి ముందుకూ ఒకటి వెనక్కూ పోతే అవి ఒకదాని గాలిని ఒకటి మింగేసుకుంటాయి, మంద్రస్థాయి సన్నగిల్లుతుంది. పాతకాలపు జేబీఎల్ స్పీకర్లలో ధన కొస తాకిస్తే గరాటు లోపలికి పోయేది. అందుకని గుర్తుల్ని కాకుండా కదలికను నమ్మడం మంచిది. తీగ సంగతి ఒక్క మాట. గిటారు నుంచి యాంప్లిఫయరుకు పోయే తీగను యాంప్లిఫయరు నుంచి పెట్టెకు వాడకూడదు. బయటికి రెండూ అన్నదమ్ముల్లా ఉంటాయి కాని మొదటిదాని లోపలి తీగ సన్నం, స్పీకరు కోరే ప్రవాహాన్ని మోయడానికి అది పుట్టలేదు.

మార్చాక ఓముల లెక్క మారుతుందని మరవకూడదు. రెండు 8 ఓముల స్పీకర్లు సమాంతరంగా ఉన్నప్పుడు పెట్టె 4 ఓములు. విడదీశాక వైపుకు 8. ట్రాన్సిస్టరు యాంప్లిఫయరుకు దీనివల్ల హాని లేదు, బలం కొంచెం తగ్గుతుంది. వాల్వు యాంప్లిఫయరయితే దాని వెనక ఉన్న ఓముల మీటను కొత్త అంకెకు తిప్పుకోవాలి, స్పీకరు తగిలించకుండా దాన్ని ఎన్నడూ వాయించకూడదు.

ఇక్కడితో దుకాణాల పక్షం అయింది. అవతలి ఒడ్డున మరొక పక్షం ఉంది, వారు శుద్ధాంతవాదులు. వారి మాట ఇది: "ఒకే పెట్టెలో స్టీరియో అన్నదే హాస్యాస్పదం. ఎంత చక్కగా తీగలు కట్టినా దండగ." వీరిని తేలిగ్గా తోసివేయలేం, వారి చేతిలో లెక్క ఉంది. పన్నెండంగుళాల స్పీకర్లు పక్కపక్కన బిగిస్తే వాటి కేంద్రాల మధ్య దూరం సుమారు 33 సెంటీమీటర్లు. మూడు మీటర్ల దూరాన కూర్చున్నవాడి దృష్టిలో ఆ రెండింటి మధ్య కోణం ఆరు డిగ్రీల చిల్లర. పది మీటర్ల దూరానికి పోతే రెండు డిగ్రీలు కూడా లేదు. ఇంట్లో పాటలు వినడానికి స్పీకర్లు అమర్చేవారు అరవై డిగ్రీలు ఉండాలంటారు, వినేవాడూ రెండు స్పీకర్లూ సమబాహు త్రిభుజం మూలల్లో ఉన్నట్టు. అరవై ఎక్కడ, ఆరెక్కడ!

దిక్కు తెలియడం వరకూ వారి మాటే నిజం. కాని స్టీరియోకు దిక్కు ఒక్కటే ప్రయోజనం కాదన్నది వారు మరిచారు. 1975లో రోలండ్ సంస్థ వారు జేసీ-120 అనే యాంప్లిఫయరు తెచ్చారు. ఒకే పెట్టె. అందులో 60 వాట్ల యాంప్లిఫయర్లు రెండు, పన్నెండంగుళాల స్పీకర్లు రెండు, దేని దారి దానిది. అందులో కోరస్ అనే గుణాన్ని మేలుకొలిపితే ఒక స్పీకరు గిటారు స్వరాన్ని ఉన్నదున్నట్టు పలుకుతుంది. రెండోది అదే స్వరాన్ని రవ్వంత హెచ్చుతగ్గుల ఊగుతో పలుకుతుంది. ఆ రెండింటినీ తీగలోనే కలిపివేస్తే ఒకే మిశ్రమం పుడుతుంది, గదిలో ఎక్కడ కూర్చున్నా అదే. జేసీ-120లో ఆ కలయిక గాలిలో జరుగుతుంది. గదిలో ఒక్కొక్క చోట ఒక్కొక్క రకంగా కలుస్తుంది, తల కొద్దిగా తిప్పితే మారుతుంది. ఇద్దరు గాయకులు శ్రుతిలోనే ఉంటూ వెంట్రుకవాసి తేడాతో పాడినప్పుడు వచ్చే నిండుదనం అది. ఎడమ ఏదో కుడి ఏదో వేలు పెట్టి చూపలేరు. అయినా ధ్వనికి లోతు వచ్చింది. ఘనం అన్న గ్రీకు అర్థానికి ఇంతకంటె విధేయత ఏముంది? రెండు స్పీకర్ల మధ్య అడుగు దూరమే ఉన్నా ఇది సాధ్యమైంది. ఎందుచేత? దారులు వేరు కనుక, ధ్వనులు వేరు కనుక. దూరం తరువాతి సంగతి.

దూరం సమస్యను కూడా పాతవారు గమనించకపోలేదు. గిబ్సన్ వారు 1959లో రెండు పికప్పుల ధ్వనులను రెండు దారుల్లో బయటికి పంపే ఈఎస్-345 గిటారు తెచ్చి, ఆ వెంటనే జీఏ-79 అనే స్టీరియో యాంప్లిఫయరు తెచ్చారు. దాని ముఖం చదునుగా ఉండదు. రెండు స్పీకర్లూ రెండు వైపులకు మొగం తిప్పుకుని ఉంటాయి, అలిగిన అన్నదమ్ముల్లా. ఒకే పెట్టెలో ఉంటూనే గదిలో రెండు గోడలను వాడుకునే ఉపాయం.

నన్నడిగితే, డబ్బు పెట్టే ముందే అడిగితే, ఒక్కొక్క స్పీకరున్న పెట్టెలు రెండు కొనుక్కోమంటాను. వాటిని రెండు మీటర్ల ఎడంగా పెడితే మూడు మీటర్ల దూరానికి కోణం సుమారు 37 డిగ్రీలు. మోయడం తేలిక, అవసరమైతే విడివిడిగా వాడుకోవచ్చు, ఉమ్మడి ఆస్తి తగాదా పుట్టనే పుట్టదు. ఇప్పటికే రెండు స్పీకర్ల పెట్టె ఉన్నవారు దాన్ని పారేయనక్కరలేదు, పైన చెప్పినట్టు విడదీసుకుంటే చాలు.

మా ప్రాంతంలో గిటారు ఎక్కువగా వినబడేది చర్చిల్లోనూ, కళాశాలల వార్షికోత్సవాల్లోనూ. అక్కడ హాలంతటికీ వినిపించవలసి వచ్చినప్పుడు స్టీరియో మోజును అదుపులో పెట్టుకోవాలి. ఒకే ధ్వని రెండు చోట్ల నుంచి వస్తుంటే, ముందుగా చెవిని చేరినదాని దిక్కునే మనసు పట్టుకుంటుందని హెల్ముట్ హాస్ 1949లో నిరూపించాడు. ఎడమ అంచున కూర్చున్న వృద్ధురాలికి ఎడమ పెట్టే ప్రపంచం. కుడి పెట్టెలో మాత్రమే ఉన్న స్వరాలు ఆమెకు సగమే దక్కుతాయి. కనుక పాటకు ప్రాణమైన స్వరం రెండు వైపులా ఉండాలి, అలంకారాలు మాత్రమే వేరుపడాలి. లేదా నిస్సంకోచంగా మోనో వాడాలి. మోనో ఏమీ తక్కువ కులం కాదు.

చివరిగా, కొనబోయే ముందు దుకాణంలోనే పరీక్షించే పద్ధతి. మా మనవడూ వాడి స్నేహితుడూ ఇప్పుడు ఊరంతా చెబుతున్నది ఇదే. జేబులో ఒక సెల్లు, రెండు తీగలు చాలు. తీగల్ని రెండు రంధ్రాల్లోనూ పెట్టండి. రెండింటిలోనూ అని ఎందుకంటున్నానంటే, రెండో తీగ దూర్చినప్పుడే స్టీరియోగా విడిపోయే పెట్టెలు కొన్ని ఉన్నాయి. ఒక తీగ అవతలి కొసకు మాత్రం సెల్లు ఒక్క క్షణం తాకించి ముందు నుంచి గరాటుల్ని చూడండి. ఒక్కటే కదిలితే అది స్టీరియో. రెండూ కదిలితే మోనో. ఆ తరువాత మల్టీమీటరు ఉంటే రెండు జాక్‌ల నల్ల కొసల మధ్య పెట్టి చూడండి. అక్కడ సంబంధం ఉన్నట్టు చూపితే రేకు దొంగతనం జరిగిందన్నమాట. నిమిషం పట్టదు. దుకాణదారు వద్దంటే ఆ పెట్టె కొనవద్దు.

పెట్టెలు కట్టేవారికి నా కోరిక ఒక్కటే. మోనో పెట్టె మీద ఆ వెండి అక్షరాలు తీసివేసి, రెండు జాక్‌ల మధ్య ఈ చీటీ అంటించాలి, తెలుగులోనే, కట్టేవాడూ కొనేవాడూ చదవగలిగే సైజులో:

"మోనో. 4 ఓములు. రెండు జాక్‌లూ లోపల ఒకటే. ఒక్క యాంప్లిఫయరును మాత్రమే తగిలించవలెను. రెండవ జాక్ మరొక పెట్టె కొరకు."